ఎవరూ తీసుకుపోని ఫోటో

పెనుకొండలో పాత ఫోటోల ప్రదర్శన జరుగుతోందని మా బడి వాట్సాప్ గ్రూపులో ఎవరో మెసేజి పెట్టారు. నేను హిందూపురంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలను తీసుకుపోదామని సోషల్ టీచరు అంటే, పరీక్షల ముందు కుదరదని హెడ్మాస్టరు అన్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది. కానీ మెసేజితో పాటు వచ్చిన ఫోటో ఒకటి నా ఫోనులో ఉండిపోయింది. దర్గా ముందు ఎద్దుల బండ్లు కాడి దించి నిలబెట్టి ఉన్నాయి. బండ్ల కింద నీడలో ఆడవాళ్లు కూర్చొని ఏదో తింటున్నారు. వెనక కొండ. ఆ సాయంత్రం అమ్మకు చూపించాను.

అమ్మ పుట్టి పెరిగింది పెనుకొండలోనే. మా తాతకు అక్కడి రైల్వే స్టేషనులో ఉద్యోగం. అమ్మ బడి చదువు అయిపోయే వేళకు ఆయనకు హిందూపురం బదిలీ అయింది. ఆ తర్వాత అమ్మ పెళ్లి, మేము పుట్టడం, నాయన పోవడం, అన్నీ హిందూపురంలోనే. పెనుకొండ రైల్లో గంట దూరం కూడా లేదు. అయినా అమ్మ ఆ ఊరికి పోయింది చాలా తక్కువ. పెళ్లికో చావుకో పోయినా అదే పూట తిరిగి వచ్చేసేది.

"చూసేకి పోదామా మా?" అని అడిగాను.

"ఏముండాది ఆడ? అదే కొండ, అదే కోట. నేను చూడనివా?" అంది. కానీ ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. బండ్ల కింద కూర్చున్న ఆడవాళ్ల మొహాలను దగ్గరగా పెట్టుకొని చూస్తూనే ఉంది. కాసేపటికి తనే, "ఉరుసు కూడా దగ్గరికొచ్చె. చక్కెర చదివించి శానా ఏండ్లయింది. ఆదివారం పోదాం పా," అంది.

మా వైపు హిందువులు కూడా దర్గాకు పోయి చక్కెర మీద ఫాతిహా చదివించుకుంటారు. అమ్మ చిన్నప్పుడు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మా అవ్వ ముందు కొండ మీది నరసింహస్వామికి మొక్కేదట, తర్వాత దర్గాకు మొక్కేదట. ఎవరు ముందు పలికితే వాళ్లకు ముందు తీర్చేదట.

ఆదివారం పొద్దున రైలెక్కాం. స్టేషనులో దిగగానే అమ్మ తాము ఉండిన రైల్వే క్వార్టర్స్ వైపు ఒకసారి చూసింది. అవి ఇప్పుడు లేవు. ఆటో అబ్బాయి కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక ఊరెంత మారిందో చెబుతూ తీసుకుపోయాడు. ముందు దర్గాకు పోయి చక్కెర చదివించి, కాగితంలో కట్టిన ప్రసాదం అమ్మ కొంగున ముడి వేసుకున్నాక, ప్రదర్శన జరుగుతున్న చోటికి పోయాం.

అది వాడకంలో లేని పాత బడి. మూడు గదుల్లో గోడల నిండా ఫోటోలు తగిలించారు. పెట్టినవాడు నా వయసు మనిషి. వాళ్ల నాయన ఒకప్పుడు ఈ ఊళ్లో ఫోటో స్టూడియో నడిపాడట. ఆయన పోయిన తర్వాత, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అంగడి పడగొడుతుంటే, అటక మీద ట్రంకు పెట్టెల నిండా ఫోటోలు, నెగటివులు దొరికాయట. ఊరి చరిత్ర మీద ఇష్టమున్న నలుగురు కలిసి, వాటికి ఇళ్లలో అడిగి తెచ్చినవి కూడా జోడించి, ఉరుసుకు వచ్చే జనం చూస్తారని పెట్టారు.

మొదటి గదిలో కోట ఉంది. గగన్ మహల్ కిటికీల్లో పావురాలు. కోట ద్వారం కింద సోడా బండి. రెండో గదిలో యాత్రికులు. ఉరుసుకు వచ్చిన ఫకీర్లు, జైనుల గుడికి కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబాలు, రొళ్ల నుంచో మడకశిర నుంచో వచ్చి చెట్ల కింద వంట చేసుకుంటున్న రైతులు. ఒక ఫోటోలో అరవై గజాల పొడవున గాజుల అంగళ్లే ఉన్నాయి. ఇంట్లో "అదే కొండ" అన్న అమ్మ, రెండో గదికి వచ్చేసరికి నాకు దారి చూపించడం మొదలుపెట్టింది.

"ఇదో, ఈ సందులో నించి పోతే మా బడి. ఈ అరుగు మీద ఒకాయప్ప బొరుగులు అమ్ముతా ఉండె. ఈ బాయిలో నీళ్లు ఉప్పన, అయినా అందరూ అవే తాగుతాండ్రి."

పక్కన చూస్తున్న ఒక జంట కూడా ఆమె మాటలు వింటూ మా వెంట నడిచారు. అమ్మను అంత హుషారుగా చూసి నాకు చాలా రోజులైంది.

మూడో గది చిన్నది. గుమ్మం మీద "తీసుకుపోని ఫోటోలు" అని రాసి ఉంది. తిరునాళ్లకు వచ్చిన వాళ్లు స్టూడియోలో ఫోటో దిగి, మళ్లీ వస్తామని చెప్పి రాకుండా పోయినవి అవన్నీ. చిన్న చిన్న ఫోటోలు. కొత్త పెళ్లి జంటలు, గుండు చేయించిన పసిపిల్లలు, మీసం మెలేసిన అన్నదమ్ములు. అందరి వెనకా ఒకే తెర. దాని మీద పూలకుండీలు, మెట్లు, ఎక్కడో దూరంగా ఒక మేడ. నేను ఒక గోడ చూస్తున్నాను. అమ్మ రెండో గోడ దగ్గర నిలబడింది. కాసేపటికి ఆమె మాట వినిపించడం లేదని తిరిగి చూశాను.

ఆమె ఒక ఫోటో ముందు నిలబడి ఉంది. అందులో ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరూ లంగా ఓణీల్లో ఉన్నారు. జడలు ముందుకు వేసుకొని, కనకాంబరాలు పెట్టుకొని ఉన్నారు. ఒకమ్మాయి నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. రెండో అమ్మాయి చేతికి గడియారం. అది కనబడాలని చెయ్యి గుండెల దాకా ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ నవ్వు ఆపుకుంటున్నారని చూడగానే తెలుస్తుంది.

"నల్లద్దాలు పెట్టుకున్న పాప ఎవరో భలే ఉండాది," అన్నాను.

"నేనే," అంది అమ్మ.

నేను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆమె సంతోషపడటం లేదు. పెదవులు బిగించుకొని ఉంది.

"అయితే అది తీసుకోలేదా?" అంది. నన్ను కాదు. గోడను అడిగినట్టు అడిగింది. తర్వాత గది మధ్యలో ఉన్న బెంచీ మీద కూర్చుంది.

అక్కడే చెప్పింది. పొద్దుటి నుంచి వరండాలో కుర్చీలో కూర్చొని వచ్చేవాళ్లతో మాట్లాడుతున్న స్టూడియో వాళ్ల అబ్బాయి కూడా వచ్చి పక్కన నిలబడి విన్నాడు.

ఫోటోలో గడియారం పెట్టుకున్న అమ్మాయి అమ్మకు పక్కింటి పిల్ల. వాళ్ల నాయనకు కూడా రైల్వేలోనే పని. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లు. ఒకరి అన్నం ఒకరు తినేవాళ్లు. ఆ ఏడు ఉరుసుకు ఇద్దరూ ఇంట్లో గాజులకని ఇచ్చిన దుడ్లు కలుపుకొని దొంగతనంగా స్టూడియోకి పోయారు. పెళ్లికాని పిల్లలు స్టూడియోలో ఫోటో దిగడం వాళ్ల ఇళ్లలో పెద్ద తప్పు. అంగడి అద్దాల్లో పెడితే ఊరంతా చూస్తుందని పెద్దవాళ్ల భయం. నల్ల కళ్లద్దాలు, గడియారం స్టూడియో ఆయనవే. వచ్చిన వాళ్లకు పెట్టుకొమ్మని ఇచ్చేవాడట. వారం తర్వాత వచ్చి తీసుకోండి అన్నాడు.

ఆ వారంలోనే తాతకు బదిలీ ఉత్తరువు వచ్చింది. సామాను సర్దుకొని హిందూపురం పోవాల్సి వచ్చింది. బండి ఎక్కే ముందు అమ్మ స్నేహితురాలి చెవిలో, "నువ్వు పోయి తీసుకో. నేను వచ్చినప్పుడు చూస్తా," అని చెప్పింది. చాలా రోజులు ఎదురుచూసింది. తర్వాత వాళ్ల తరగతి పిల్ల ఒకతె హిందూపురం వస్తే, ఫోటో ఏమైందో కనుక్కొమ్మని చెప్పి పంపింది. ఆ పిల్ల మళ్లీ వచ్చినప్పుడు తెచ్చిన జవాబు ఇది: "తీసుకున్నోళ్లే అడుగుతాండారా అని చెప్పమంది."

"నేను తీసుకున్నానంట! నేను హిందూపురంలో ఉంటి. నాకు ఫోటో వచ్చేది ఎట్ల? తానే దాచిపెట్టుకొని నా మీద ఎగిరె," అంది అమ్మ. యాభై ఏళ్లు దాటిన కోపం ఆమె గొంతులో నిన్నటిదిలాగే ఉంది.

అమ్మ పెళ్లికి ఆ స్నేహితురాలు రాలేదు. తర్వాత ఆమెకు ధర్మవరంలో మగ్గాల వాళ్ల ఇంటికి ఇచ్చి పెళ్లి చేశారు. అమ్మ ఆ పెళ్లికి పోలేదు.

అది విన్నాక నాకు ఒక సంగతి అర్థమైంది. నా పెళ్లికి అందరూ పట్టుచీరలకు ధర్మవరం పోదామంటే అమ్మ ఒప్పుకోలేదు. దగ్గర్లో ధర్మవరం పెట్టుకొని బెంగుళూరు పోయి కొన్నాం. ఆ మాట మా మేనత్తలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఎందుకని నేను అడిగితే అప్పట్లో, "ఆ ఊరు నాకు పడదు," అంది. ఊరు పడకపోవడం ఏమిటో అని అనుకున్నాను.

స్టూడియో అబ్బాయి మొహం మాడిపోయింది. "మా నాయన తప్పేమో పెద్దమ్మా," అన్నాడు. "ఉరుసు రద్దీలో ఆయనకి తిండి తినేకి కూడా టైముండేది కాదు. ఎవరన్నా వచ్చి అడిగితే, కవరు కనబడకపోతే, మీవాళ్లు తీసుకపోయినారు పో అని పంపించేవాడు. మా అమ్మే చెప్పేది. ఇది వేరే పెట్టెలో అడుగున దొరికింది."

అమ్మ ఫోటోను నా ఫోనులో తీసుకొమ్మంది. అతను గోడ మీది నుంచి తీసి చేతికి ఇవ్వబోతే వద్దంది. "ఉండనీ. ఇద్దరిదీ అది. నా ఒక్కదానికి ఇస్తే మళ్లీ అదే పంచాయితీ," అంది.

తిరుగు రైల్లో అమ్మ నా ఫోను తీసుకొని ఆ ఫోటోనే చూస్తూ కూర్చుంది. ఆ వారమంతా ఇంట్లో కూడా అంతే. ఒకసారి నేను, "ఫోను నంబరు కనుక్కొని మాట్లాడరాదా?" అంటే, "ఫోన్లో ఏం మాట్లాడేది?" అని వంటింట్లోకి పోయింది. ఇంకోసారి చిక్కుళ్లు ఒలుస్తూ తనంతట తానే, "దానికి ఇద్దరు కొడుకులు. ఒకడు మగ్గం మీదనే ఉండాడు, ఒకడు అనంతపురంలో ఉద్యోగం. మొగుడు పోయి పదేండ్ల పైన అయితాది," అంది. ఎవరి గురించని నేను అడగలేదు. అంత కోపంలోనూ అమ్మ అన్నీ తెలుసుకుంటూనే ఉండింది. వచ్చే పోయే చుట్టాల ద్వారా, పేరు ఎత్తకుండా, పెనుకొండ వాళ్లు ఎట్లా ఉన్నారని అడిగీ అడగనట్టు అడుగుతూ.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికి అమ్మ స్నానం చేసి, మంచి చీర కట్టుకొని, చెప్పుల దగ్గర నిలబడి ఉంది.

"ధర్మవరం పోదాం పా," అంది.

ధర్మవరంలో ఆ వీధి కనుక్కోవడం కష్టం కాలేదు. అమ్మకు గుడి పేరు, సందు గుర్తు అన్నీ తెలుసు. సందులోకి తిరగగానే రెండు వైపుల నుంచి మరమగ్గాల చప్పుడు. మాట్లాడాలంటే గట్టిగా అరవాలి. ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ రాట్నం ముందు కూర్చొని పట్టుదారం కండెలకు చుడుతోంది. దారం కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకొని చూస్తోంది. అమ్మ ఆ ఇంటికి రెండిళ్ల ముందే ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకొని ముందుకు నడిచింది. అరుగు ముందు నిలబడింది.

పెద్దావిడ తల ఎత్తి, "ఎవరమ్మా? చీరలకా? మావాడు లోపలుండాడు, పొండి," అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. చూపు సరిగా లేనట్టు ఆమె కళ్లు చిట్లించింది. ఉన్నట్టుండి ఆమె రాట్నం ఆపింది.

"ఫోటో ఇచ్చేకి వచ్చినావా?" అంది.

అన్నేళ్ల తర్వాత గుర్తుపట్టి అన్న మొదటి మాట అదే.

"నేను యాడిది ఇస్తా? నా దగ్గర ఉంటే కదా!" అంది అమ్మ.

"నీ దగ్గర లేక ఇంకెవరి దగ్గరుండాది? నేను రెండుసార్లు పోయినా. మీ స్నేహితురాలు తీసుకపోయిందమ్మా అని ఆయప్పే చెప్పె."

"నేనప్పుడు హిందూపురంలో ఉంటి గదే!"

"పోయే ముందే తీసుకొని, నాకు చెప్పకుండా బండెక్కినావనుకుంటి."

"నేనట్ల చేస్తానా?"

"మరి నేను చేస్తానా?"

మగ్గాల చప్పుడులో ఇద్దరూ అరుస్తున్నారు. లోపల నుంచి ఆమె కొడుకు, కోడలు బయటికి వచ్చి ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డారు. పక్కింటి వాళ్లు తొంగిచూశారు. నేను మధ్యలో దూరి ఫోను తెరిచి ఆ ఫోటో ఆమె చేతిలో పెట్టాను. "స్టూడియోలోనే ఉండిపోయిందంట పెద్దమ్మా. ఇద్దరూ తీసుకోలేదు," అన్నాను.

ఆమె ఫోనును మొహానికి ఆనించుకున్నట్టు పట్టుకుంది. "నాకు కనపడదు పాపా. పొర వచ్చింది," అంది. కోడలు వచ్చి ఫోటోను పెద్దది చేసి చూపించింది. ముందు నల్ల కళ్లద్దాలు కనబడ్డాయి. తర్వాత గడియారం ఉన్న చెయ్యి. ఆమె చాలాసేపు అట్లాగే చూసింది. కొడుకు లోపలికి పోయి మగ్గం ఆపాడు. వీధిలో మిగతావి నడుస్తూనే ఉన్నా, ఆ ఇంటి ముందు కాస్త మాట వినబడే నిశ్శబ్దం వచ్చింది.

"ఎచ్చులు చూడు నాకి, ఆ గడియారానికి! ముల్లు కూడా తిరగదు దాంది," అంది ఆమె.

అమ్మ అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది.

మాకు మజ్జిగ ఇచ్చారు. తర్వాత భోజనం చేసి పొమ్మన్నారు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. బడిలో టీచర్లు, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారు. అయితే అంతా నవ్వుతూ సాగిందని చెబితే అబద్ధమవుతుంది. ఒకచోట మాట ఆగిపోయింది. ఆమె భర్త పోయినప్పటి సంగతి వచ్చింది. కడుపునొప్పి అని ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాలేదట. అప్పటికి చిన్న కొడుక్కి ఇంకా చదువు కాలేదు.

"నాకు తెలిసింది," అంది అమ్మ. "అప్పుడే తెలిసింది. రాలేదు నేను."

ఆమె కాసేపు పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. "మీ ఆయన పోయినాడని నాకూ తెలిసింది," అంది. "టేషన్ దాకా వచ్చినా. టికెట్టు తీసుకున్నా. హిందూపురం బండి వచ్చి నిలబడింది. ఎక్కలేదు. ఇంటికి వెనక్కి వచ్చేస్తి."

"యాల ఎక్కలేదే?"

"ఎవరు పిలిచినారని వచ్చినావంటే ఏం చెప్పాల అనుకుంటి."

నేను వంటింట్లో కోడలికి గిన్నెలు అందిస్తూ తలుపు సందులోంచి చూశాను. ఇద్దరి మధ్యా ఆమె చుట్టిన కండెల బుట్ట ఉంది. అమ్మ దాన్ని పక్కకు జరిపి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. నాయన పోయినప్పుడు మా ఇంటినిండా జనమే. ఆ రోజుల్లో అమ్మ పదే పదే వాకిలి వైపు చూస్తుంటే, ఎవరి కోసమని అడిగిన గుర్తు నాకు ఉంది. ఏమీ లేదు అంది.

అసలు ఫోటో చూడాలని ఆ స్నేహితురాలు పట్టుబట్టింది. ప్రదర్శన ముగియడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. అందుకని ఆ వారంలోనే ఒక సెలవు రోజు, మేము హిందూపురం నుంచి, ఆమెను తీసుకొని వాళ్ల కోడలు ధర్మవరం నుంచి పెనుకొండకు వచ్చాం. పెనుకొండ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి ఎవరికీ దూరం కాలేదు. వాళ్లిద్దరూ మొదటి రెండు గదులూ దాటుకొని నేరుగా మూడో గదికి పోయారు. స్టూడియో అబ్బాయి ముందే మా ఫోను అందుకొని ఎదురుచూస్తున్నాడు. ఫోటోను గోడ మీది నుంచి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె వేలితో ఇద్దరి మొహాలూ తడిమింది.

"మీకు ఇద్దరికీ కొత్త ప్రింట్లు తీయించి పెట్టినా పెద్దమ్మా, పెద్దవి," అన్నాడు అతను. "నెగటివ్ దొరికింది. ఈ పాతది మాత్రం ఒకటే ఉండాది. ఎవరు పెట్టుకుంటారు?"

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేదని అతనికి అడిగాక అర్థమైంది. అతను నా వైపు చూశాడు. నేను కోడలి వైపు చూశాను.

"దానికియ్యి," అంది అమ్మ.

"నాకొద్దు. దానికే ఇయ్యి," అంది ఆమె.

"కండ్లు సరిగా కనపడవు, చిన్న ఫోటో నాకు యాల అంటావని నాకు తెలుసు. అయినా నువ్వే పెట్టుకో."

"అనుకోలేదు నేను అట్ల. నువ్వనేది అదే."

మళ్లీ గొంతులు లేచాయి. ప్రదర్శన చూడటానికి వచ్చిన కొందరు ఆగి నవ్వుకుంటూ నిలబడ్డారు. చివరకు కోడలు కల్పించుకుంది. వాళ్ల ఇంట్లో అత్తమ్మ పెళ్లి ఫోటో కూడా లేదని, ఆమె చిన్నతనం ఎట్లుండేదో మనవళ్లు ఎవరూ చూడలేదని చెప్పింది. అప్పట్లో మామగారి వాళ్లింట్లో ఫోటోలు తీయించే అలవాటు లేదట. అది విని అమ్మ ఫోటోను తీసుకొని తనే ఆమె సంచిలో, పైన బట్ట కప్పి పెట్టింది. ఆమె వద్దనలేదు.

ఖాళీ అయిన చోట స్టూడియో అబ్బాయి పెద్ద ప్రింటు ఇంకొకటి తగిలించాడు. కింద పేర్లు రాయమంటారా అని అడిగాడు. "పేర్లు వద్దులేప్పా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తర్వాత ఆ స్నేహితురాలు, "ఈ ఊరి పిల్లోళ్లు అని రాయి, చాలు," అంది. అతను అట్లాగే రాశాడు.

బయటికి వచ్చి దర్గా వైపు మెల్లగా నడిచారు. ఎండ ఇంకా ఎక్కలేదు. గాజుల అంగళ్లు తెరుస్తున్నారు. తాము ఫోటో దిగిన స్టూడియో ఎక్కడ ఉండిందో వెతికారు. అక్కడ ఇప్పుడు సెల్ ఫోన్ల అంగడి ఉంది. అదే చోటా, పక్కదా అని కాసేపు వాదించుకున్నారు. అంగడి కుర్రవాడు వాళ్లకు స్టూళ్లు వేశాడు. కొత్తగా ఇద్దరికీ ఫోటో తీద్దామని నేను అంటే అమ్మ, "ఇప్పుడెందుకు తీసేది? చూసుకునేదానికేముండాది?" అంది. ఆమె మాత్రం, "తీయి పాపా," అని జుట్టు సర్దుకుంది. తీశాను. అమ్మ కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ తీయనివ్వలేదు.

స్టేషనులో ధర్మవరం బండి ముందు వచ్చింది. ఆమెను ఎక్కించి కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. బండి కదిలేదాకా ఇద్దరూ ఏదో వంటకం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఉద్దిపప్పు నానబెట్టాలా అక్కర్లేదా అని. అది తేలకముందే బండి కదిలింది. మా బండికి ఇంకా టైముంది. అమ్మ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చొని చాలాసేపు ఏమీ అనలేదు.

"ఏమే మాట్లాడవు?" అన్నాను నేను, వాళ్లలాగే.

"అదేం మారలేదు," అంది అమ్మ. "ఊరికే ఇన్ని దినాలు పోగొట్టుకుంటిమి."

స్టూడియో అబ్బాయి మొన్న ఫోను చేశాడు. వీళ్ల సంగతి ఊళ్లో తెలిసి, చివరి రోజుల్లో మూడో గదికే జనం ఎక్కువ వచ్చారట. నల్లచెరువు నుంచి ఒక కుటుంబం వచ్చి వాళ్ల తాతను గుర్తుపట్టి తీసుకుపోయిందట. కొందరు ఊరికే ఆశతో వచ్చి, ఎవరూ కనబడక, టీ తాగి పోయారట. మిగిలినవి వచ్చే ఉరుసుకు మళ్లీ పెడతానన్నాడు.

అమ్మా ఆ స్నేహితురాలూ ఇప్పుడు రోజూ పొద్దున ఫోనులో మాట్లాడుకుంటారు. నేను బడికి తయారవుతుంటే స్పీకరులో ఇద్దరి గొంతులూ ఇల్లంతా వినబడతాయి. అప్పుడప్పుడు పోట్లాడుకుంటారు. ఒకసారి రెండు మూడు రోజులు మాట్లాడుకోలేదు కూడా. ఎవరు ముందు ఫోను చేశారో నాకు తెలియదు. అడిగితే ఇద్దరూ తామే అంటారు.

వచ్చే నెల ఆమెకు అనంతపురంలో కంటి ఆపరేషను. చిన్న కొడుకు ఇంట్లో ఉండి చేయించుకుంటుంది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి తను పోయి దగ్గర ఉంటానని అమ్మ చెప్పేసింది. నాతో ముందు ఒక మాట కూడా అనలేదు. బ్యాగు అప్పుడే సర్దుకుంటోంది.

"నీకే ఒకరు తోడు కావాల కదమ్మా, నువ్వు పోయి ఏం చేస్తావు?" అన్నాను.

చీర మడత పెడుతూ, "కండ్లలో చుక్కలు ఏసేకి నాకు తోడు యాల?" అంది అమ్మ.